ఫార్ములాలు బట్టీ కొట్టకండి, అయాన్లు పట్టుకోండి

టెన్త్, ఇంటర్ పిల్లలు కెమిస్ట్రీలో ముందు తల పట్టుకునేది ఫార్ములాల దగ్గరే, ఎందుకంటే అందరూ ఫార్ములాల్నే బట్టీ కొడతారు, అవి వందల్లో ఉంటాయి, ఎన్నని గుర్తుంటాయి? గుర్తుపెట్టుకోవాల్సింది అయాన్లూ (ప్లస్సో మైనస్సో ఛార్జ్ ఉన్న పరమాణువులు, లేదా వాటి గుంపులు) వాటి ఛార్జులూ. ఓ పాతిక ముప్పై నోటికొస్తే మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

ఇక్కడ అన్నీ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా గానీ నోట్సులో ఇంగ్లిష్ సింబల్సే వేయండి, అదీ పెద్ద చిన్న అక్షరాలు చూసుకుని. పెద్ద సీ పక్కన చిన్న ఓ వేస్తే కోబాల్ట్, రెండూ పెద్దవి వేస్తే కార్బన్ మోనాక్సైడ్, అంటే విషవాయువు!

ఫార్ములా రాయడం ఇలా. మన వైజాగ్ పోర్టు నుంచి ఓడలెక్కే అల్యూమినా ఉంది కదా, అది అల్యూమినియం ఆక్సైడ్. అల్యూమినియం ప్లస్ 3, ఆక్సైడ్ మైనస్ 2. మొత్తం సున్నా అవ్వాలంటే రెండు అల్యూమినియంలు (ప్లస్ 6), మూడు ఆక్సిజన్లు (మైనస్ 6), అంటే ఏఎల్2ఓ3. షార్ట్‌కట్ కావాలంటే ఛార్జ్ అంకెల్ని అటూ ఇటూ మార్చేయండి, వచ్చేస్తాది. కాల్షియం ఆక్సైడ్‌కి 2, 2 వస్తాయి కాబట్టి కొట్టేసి సీఏఓ అని రాయాలి. పెరాక్సైడ్‌లో మాత్రం కొట్టేయకూడదు, అక్కడ రెండు ఆక్సిజన్లూ కలిసే ఒక అయాన్, అందుకే హెచ్2ఓ2 అలాగే ఉంటుంది.

ఎక్కువ మార్కులు పోయేది బ్రాకెట్ దగ్గర. బొర్రా గుహల్లో కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీళ్లు సున్నపురాయిని కరిగించి కాల్షియం బైకార్బొనేట్ చేస్తాయి, మళ్లీ బొట్టుబొట్టుగా కారినప్పుడు అది కార్బొనేట్‌గా మారి పేరుకుపోతుంది. బైకార్బొనేట్ హెచ్‌సీఓ3, మైనస్ 1. కాల్షియం ప్లస్ 2, కాబట్టి రెండు కావాలి: సీఏ(హెచ్‌సీఓ3)2. బ్రాకెట్ మర్చిపోతే 3 పక్కన 2 పడి ఆక్సిజన్లు ముప్పై రెండయిపోతాయి, దిద్దే సార్ నవ్వుకుంటారు. డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) ఎరువూ ఇంతే, అమ్మోనియం ప్లస్ 1, హైడ్రోజన్ ఫాస్ఫేట్ మైనస్ 2, కాబట్టి (ఎన్‌హెచ్4)2హెచ్‌పీఓ4.

ఇక పేరు పెట్టడం. మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే, ఇందులో మెటల్ ఉందా? ఉంటే దాని ఛార్జ్ మారుతుందా? సోడియం, కాల్షియం, అల్యూమినియం, జింక్‌లకి మారదు, అంకె అక్కర్లేదు. ఐరన్, కాపర్‌లకి మారుతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి ఆ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్లే, ఎఫ్‌ఈ2ఓ3. మూడు ఆక్సిజన్లకి మైనస్ 6, అది రెండు ఐరన్లకి పంచితే తలా ప్లస్ 3, కాబట్టి ఐరన్ త్రీ ఆక్సైడ్, త్రీని బ్రాకెట్లో రోమన్ అంకెగా వేయాలి. పాత పేరు ఫెర్రిక్ ఆక్సైడ్. ఆ మూడు ఛార్జ్ అండీ, పరమాణువుల లెక్క కాదు, సగంమంది తప్పేది ఇక్కడే.

మెటల్ లేకపోతేనే పరమాణువుల లెక్క చెప్పే మోనో, డై, ట్రై (ఒకటి, రెండు, మూడు) పెట్టాలి. ఎన్2ఓ5 అంటే డైనైట్రోజన్ పెంటాక్సైడ్. మొదటి మూలకం ఒక్కటే ఉంటే దానికి మోనో పెట్టరు.

పేర్ల చివరొచ్చే ఐడ్, ఐట్, ఏట్ గొడవ క్లోరిన్‌తో తేలిపోద్ది. ఆక్సిజన్ లేకపోతే క్లోరైడ్, ఒకటుంటే హైపోక్లోరైట్, రెండుంటే క్లోరైట్, మూడుంటే క్లోరేట్, నాలుగుంటే పర్‌క్లోరేట్, అన్నిటికీ మైనస్ 1 ఛార్జే. కానీ ఏట్ అనగానే మూడు ఆక్సిజన్లని ఫిక్సయిపోకండి, నైట్రేట్‌లో మూడు, సల్ఫేట్‌లో నాలుగు.

ప్రాక్టీసుకి ఒకటి. భీమిలి వైపు ఇసుకలో నల్లగా కనిపించే ఖనిజాల్లో ఇల్మెనైట్ ఒకటి, ఎఫ్‌ఈటీఐఓ3. టైటానియం ప్లస్ 4 అనుకుని ఐరన్ ఛార్జ్ ఎంతో తీయండి, 2 వచ్చిందంటే లెక్క సరిపోయినట్టే.