పాడ్ పోయినా పద్దులు పోకూడదు: కుబర్నెటీస్‌కు క్లౌడ్ డిస్క్ తగిలించడం

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒక రైస్ మిల్లు లెక్కల అప్లికేషన్ ఉందనుకోండి. దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కుబర్నెటీస్ పాడ్‌లో నడుస్తోంది. కుబర్నెటీస్ అంటే చాలా మెషీన్ల మీద ప్రోగ్రామ్‌లను నడిపించే వ్యవస్థ. ఒక్కో మెషీన్ నోడ్, ఆ నోడ్‌ల గుంపు క్లస్టర్. ప్రోగ్రామ్‌ను పెట్టి నడిపే డబ్బా కంటైనర్, ఒకటో కొన్నో కంటైనర్లు కలిసి నడిచేది పాడ్. కంటైనర్ రీస్టార్ట్ అయితే లోపల రాసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఎంప్టీడిర్ (పాడ్‌కిచ్చే తాత్కాలిక ఫోల్డర్) వాడితే పాడ్ బతికి ఉన్నంతవరకే. హోస్ట్‌పాత్ (నోడ్ సొంత డిస్క్‌లోని ఫోల్డర్) పెడితే డేటా ఆ నోడ్‌కి అతుక్కుపోతుంది, నోడ్ పోయిననాడు దానితోపాటే పోతుంది. అందుకే నోడ్ ఆయుష్షుతో సంబంధం లేని డిస్క్ కావాలి. ఇక్కడ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) వారి ఈకేఎస్ (కుబర్నెటీస్ సేవ) క్లస్టర్, ఈబీఎస్ (క్లౌడ్ డిస్క్ సేవ) డిస్క్ పెట్టుకుని చెబుతున్నాం. వేరే క్లౌడ్‌లో డ్రైవర్ పేరూ డిస్క్ రకాల పేర్లూ మారతాయి, పని వరస మాత్రం ఇదే. తెలుగులో రాసిన పేర్లన్నీ ఫైల్లో ఇంగ్లిషు అక్షరాల్లోనే టైపు చెయ్యాలని వేరే చెప్పక్కర్లేదు.

క్లౌడ్ మెషీన్లుండే ప్రాంతం రీజియన్, అందులో విడిగా ఉండే డేటా సెంటర్ల గుంపు అవైలబిలిటీ జోన్. ఈబీఎస్ డిస్క్ ఏ అవైలబిలిటీ జోన్‌లో పుడితే ఆ జోన్‌లోనే ఉంటుంది. మామూలు రకాలైతే ఒక సమయంలో ఒక్క మెషీన్‌కే తగులుతుంది. కింద వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ రెండు సంగతులే.

రీజియన్ విషయానికొస్తే ముంబయి 2016లో, హైదరాబాద్ 2022 నవంబరులో వచ్చాయి. బరంపురం, రాయగడ నుంచి ఏది దగ్గరన్న చర్చ స్క్రీన్ తెరుచుకునే వేగానికి పనికొస్తుందేమో గాని డిస్క్ వేగానికి కాదు. డిస్కూ పాడూ పక్కపక్కనే ఉంటాయి, మీ ఆఫీసు ఎక్కడున్నా వాటికి పట్టదు. మీకు కావాల్సిన మెషీన్ రకం ఆ రీజియన్‌లో దొరుకుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

డ్రైవర్

ఈకేఎస్ 1.23 నుంచి ఈబీఎస్ పని క్లస్టర్ లోపలి కోడ్ నుంచి తప్పించి బయటి సీఎస్ఐ డ్రైవర్‌కి (డిస్క్‌లను పుట్టించి తగిలించే ప్రోగ్రామ్) అప్పజెప్పారు. మామూలు క్లస్టర్‌లో అది దానంతటది రాదు, మనమే పెట్టుకోవాలి. ఆటో మోడ్ (చాలా పనులు అమెజానే చూసుకునే) క్లస్టరైతే లోపలే ఉంటుంది, కాకపోతే ప్రొవిజనర్ (ఫైల్లో రాసే డ్రైవర్) పేరు వేరు.

ముందు ఐఏఎమ్‌లో (ఏడబ్ల్యూఎస్ అనుమతుల విభాగం) ఒక రోల్ చేసి దానికి అమెజాన్‌ఈబీఎస్‌సీఎస్ఐడ్రైవర్‌పాలసీ తగిలించండి. ఆ రోల్‌ని కుబ్-సిస్టమ్‌లోని (క్లస్టర్ సొంత పాడ్‌లుండే విభాగం) ఈబీఎస్-సీఎస్ఐ-కంట్రోలర్-ఎస్ఏ అనే సర్వీస్ అకౌంట్‌కి (పాడ్‌లు వాడే గుర్తింపు) ముడివెయ్యండి. ముడివెయ్యడానికి పాడ్ ఐడెంటిటీ, ఓఐడీసీ అని రెండు దారులున్నాయి, ఏదైనా సరే. ఆ తర్వాతే ఏడబ్ల్యూఎస్-ఈబీఎస్-సీఎస్ఐ-డ్రైవర్ యాడ్-ఆన్ పెట్టండి. కుబ్-సిస్టమ్‌లో కంట్రోలర్ పాడ్‌లతోపాటు నోడ్‌కొకటి చొప్పున నోడ్ పాడ్‌లూ రన్నింగ్‌లో కనిపించాలి. రోల్ మరిచిపోతే డ్రైవర్ ఉన్నా డిస్క్ పుట్టదు, ఈవెంట్లలో అనుమతి లేదన్న ఎర్రర్ కనిపిస్తుంది. సొంత కేఎమ్ఎస్ (ఏడబ్ల్యూఎస్ తాళాల సేవ) తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసేవారు ఆ తాళం వాడే అనుమతి కూడా రోల్‌కి ఇవ్వాలి.

స్టోరేజ్ క్లాస్

స్టోరేజ్ క్లాస్ అంటే ఎలాంటి డిస్క్ పుట్టాలో చెప్పే నమూనా. దాని కొత్త ఫైల్లో ప్రొవిజనర్‌గా ఈబీఎస్.సీఎస్ఐ.ఏడబ్ల్యూఎస్.కామ్, టైప్‌గా జీపీ3 రాయండి. పాత జీపీ2లో జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకు చదివే, రాసే పనుల సంఖ్య) లెక్క, కనీసం 100. చిన్న డిస్క్ కాసేపు 3000 దాకా ఉరికి, దాచుకున్న క్రెడిట్లు అయిపోగానే చతికిలబడుతుంది. జీపీ3లో డిస్క్ ఎంత చిన్నదైనా 3000 ఐఓపీఎస్, సెకనుకు 125 ఎంబీ మొదటినుంచే ఉంటాయి. మిల్లు లెక్కలకి 20 జీబీ జీపీ3 ధారాళంగా సరిపోతుంది.

ఎన్‌క్రిప్టెడ్ అన్నచోట ట్రూ అన్న మాటను కోట్స్‌లో పెట్టాలి. పారామీటర్ల విలువలన్నీ స్ట్రింగులే కావాలి గనుక, కోట్స్ లేకపోతే ఫైల్‌నే తిరగ్గొడుతుంది. అలౌవాల్యూమ్‌ఎక్స్‌పాన్షన్ దగ్గర మాత్రం కోట్స్ లేని ట్రూ.

వాల్యూమ్‌బైండింగ్‌మోడ్ తప్పకుండా వెయిట్‌ఫర్‌ఫస్ట్‌కన్స్యూమర్ పెట్టండి. రాయకపోతే ఇమీడియట్ అనుకుంటుంది. అప్పుడు పాడ్ ఎక్కడికి వెళ్తుందో చూడకుండా ఏదో ఒక జోన్‌లో డిస్క్ పుట్టేస్తుంది, పాడ్‌కి సరిపడే నోడ్ ఇంకో జోన్‌లో ఉంటుంది, ఇక వాల్యూమ్ నోడ్ అఫినిటీ కాన్‌ఫ్లిక్ట్ అని పాడ్ ఎదురుచూస్తూనే ఉంటుంది.

రీక్లెయిమ్‌పాలసీ ఏమీ రాయకపోతే డిలీట్. అంటే ఎవరో పొరపాటున క్లెయిమ్ (డిస్క్ కావాలని పెట్టే అర్జీ) చెరిపేస్తే అసలు డిస్కూ పోతుంది. డేటాబేస్‌కి రిటెయిన్ పెట్టడమే మేలు. ప్రయోగాలకు డిలీట్‌తో ఇంకో క్లాస్ చేసుకోండి. క్లాస్ పారామీటర్లు తర్వాత దిద్దడం కుదరదు, చెరిపి మళ్లీ చెయ్యాలి. ముందే పుట్టిన డిస్క్‌లకి దాంతో ఏమీ కాదు.

క్లెయిమ్, పాడ్

పీవీసీ అంటే ఇక్కడ పైపు కాదు, పర్సిస్టెంట్ వాల్యూమ్ క్లెయిమ్. అందులో క్లాస్ పేరు స్పష్టంగా రాయండి. 1.30 నుంచి కొత్త ఈకేఎస్ క్లస్టర్లలో జీపీ2 క్లాస్‌కి డిఫాల్ట్ గుర్తు ఉండటం లేదు, పేరు రాయని క్లెయిమ్ అలా పెండింగ్‌లోనే కూర్చుంటుంది. పేరు రాసినా పాడ్ వచ్చేదాకా పెండింగ్ అనే చూపిస్తుంది. అది తప్పు కాదు, వెయిట్‌ఫర్‌ఫస్ట్‌కన్స్యూమర్ పనే అది.

యాక్సెస్ మోడ్ రీడ్‌రైట్‌వన్స్ అంటే ఒక్క పాడ్ అని చాలామంది పొరబడతారు. దాని అర్థం ఒక్క నోడ్. అదే నోడ్‌లో రెండు పాడ్‌లు ఒకే డిస్క్‌లో రాయగలవు, డేటాబేస్‌కి అంతకన్నా ప్రమాదం లేదు. 1.29లో స్థిరపడిన రీడ్‌రైట్‌వన్స్‌పాడ్ వాడితే ఆ భయం ఉండదు.

డేటాబేస్‌ని స్టేట్‌ఫుల్‌సెట్‌గా (పాడ్‌కి స్థిరమైన పేరూ సొంత డిస్కూ ఉండే పద్ధతి) నడపండి. డిప్లాయ్‌మెంట్ (పాడ్‌లు ఒకదాని బదులు ఒకటి వచ్చే మామూలు పద్ధతి) తప్పకపోతే స్ట్రాటజీ రీక్రియేట్‌కి (పాతది దిగాకే కొత్తది ఎక్కేది) మార్చండి. రోలింగ్ అప్‌డేట్‌లో పాత పాడ్ దిగకముందే కొత్తది ఎక్కుతుంది. అది వేరే నోడ్‌లో పడితే మల్టీ-అటాచ్ ఎర్రర్ వచ్చి ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగిపోతారు.

పోస్ట్‌గ్రెస్‌తో మొదటిసారి అందరూ తగిలించుకునే దెబ్బ ఒకటుంది. ఈఎక్స్‌టీ4తో ఫార్మాట్ అయిన డిస్క్‌లో లాస్ట్+ఫౌండ్ అనే ఫోల్డర్ ముందే ఉంటుంది. డైరెక్టరీ ఖాళీగా లేదని ఇనిట్‌డీబీ (పోస్ట్‌గ్రెస్ డేటా ఫోల్డర్ సిద్ధం చేసే ప్రోగ్రామ్) మొరాయిస్తుంది. 17వ వెర్షన్ వరకూ ఉన్న అధికారిక ఇమేజ్‌లలో (కంటైనర్ తయారీకి వాడే సిద్ధమైన ప్యాకేజీలు) పీజీడేటాని (డేటా ఫోల్డర్ దారి) మౌంట్ లోపల ఒక సబ్‌ఫోల్డర్‌కి మళ్లిస్తే సరి. 18 నుంచి ఇమేజ్‌లో దారే మారింది, మౌంట్ వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దగ్గర పెట్టాలి. రూట్ కాని యూజర్‌తో నడిపేటప్పుడు పర్మిషన్ డినైడ్ వస్తే సెక్యూరిటీ కాంటెక్స్ట్‌లో ఎఫ్‌ఎస్‌గ్రూప్ (డిస్క్‌లోని ఫైళ్లకి యజమాని గ్రూపు నంబరు) పెట్టండి. డెబియన్ ఇమేజ్‌కి 999, ఆల్పైన్‌కి 70.

ఆ రెండు ఇమేజ్‌ల మాట వచ్చింది కాబట్టి ఇదీ గుర్తుంచుకోండి. డిస్క్ అదే ఉంచి ఇమేజ్‌ని డెబియన్ నుంచి ఆల్పైన్‌కి మార్చారంటే యూజర్ నంబరొక్కటే కాదు, అక్షరాల వరసక్రమమూ మారవచ్చు. మన ఖాతాల్లో రైతుల పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో ఉంటాయి. పేరు మీద కట్టిన ఇండెక్స్ చెడితే ఉన్న రైతే లేడని చూపిస్తుంది. మార్చక తప్పకపోతే రీఇండెక్స్ చెయ్యండి.

పరీక్ష

ఒక పట్టికలో ఒక వరస రాసి, పాడ్‌ని డిలీట్ చేసి, కొత్త పాడ్ లేచాక అది ఉందో లేదో చూడండి. ఇది సగం పరీక్షే. మిగతా సగం నోడ్‌ని డ్రెయిన్ చెయ్యడం, అంటే దాని మీది పాడ్‌లను ఖాళీ చేయించడం. అదే జోన్‌లో ఇంకో నోడ్ లేకపోతే పాడ్ ఎక్కడికీ వెళ్లలేదు. మూడు జోన్లలో ఒక్కో నోడ్ పెట్టి భద్రం అనుకునేవారికి ఇది ఇక్కడే తెలిసొస్తుంది. డేటాబేస్ ఉన్న జోన్‌లో రెండు నోడ్‌లైనా ఉండాలి.

నోడ్ చెప్పాపెట్టకుండా చచ్చిపోతే డిస్క్‌ని బలవంతంగా విడదీయడానికి కుబర్నెటీస్ సుమారు 6 నిమిషాలు ఆగుతుంది. కంగారుపడి కన్సోల్‌లో ఫోర్స్ డిటాచ్ నొక్కకండి, పాత నోడ్ ఇంకా రాస్తూ ఉంటే ఫైల్‌సిస్టమ్ చెడుతుంది. మెషీన్ నిజంగా ఆగిపోయిందని చూసుకున్నాకే అవుట్-ఆఫ్-సర్వీస్ టెయింట్ (నోడ్ పనిలో లేదన్న గుర్తు) వెయ్యండి.

2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాను కొట్టినట్టు మళ్లీ తుఫాను కొడితే ఆఫీసులో కరెంటూ నెట్టూ పోతాయిగాని డిస్క్‌కి ఏమీ కాదు. అప్లై (ఫైల్‌ని క్లస్టర్‌కి పంపే ఆదేశం) సగంలో తెగినా నష్టం లేదు, నెట్ వచ్చాక అదే ఫైల్ మళ్లీ అప్లై చెయ్యండి.

పెంచడం, స్నాప్‌షాట్

డిస్క్ నిండుతుంటే క్లెయిమ్‌లో 20ని 40 చెయ్యండి. పాడ్ నడుస్తుండగానే ఫైల్‌సిస్టమ్ పెరుగుతుంది. తగ్గించడం మాత్రం లేదు. వెంటవెంటనే ఇష్టమొచ్చినన్నిసార్లు పెంచనివ్వదు కాబట్టి కాస్త దూరం చూసి పెంచండి. స్టేట్‌ఫుల్‌సెట్‌లోని క్లెయిమ్ టెంప్లేట్ దిద్దనివ్వదు. క్లెయిమ్‌ని నేరుగా పెంచి, సెట్‌ని ఆర్ఫన్ పద్ధతిలో (పాడ్‌లను అలాగే ఉంచి) చెరిపి కొత్త సైజుతో మళ్లీ పెట్టాలి. ఆర్ఫన్ మరిచిపోతే పాడ్‌లూ దిగిపోతాయి.

నిలిచే డిస్క్ బ్యాకప్ కాదు. ఎవరో పట్టిక చెరిపేస్తే ఆ చెరపడమూ అంతే భద్రంగా నిలుస్తుంది. స్నాప్‌షాట్ కంట్రోలర్, దాని సీఆర్‌డీలు (క్లస్టర్‌కి కొత్త రకం వస్తువులను పరిచయం చేసే ఫైళ్లు) పెట్టి, వాల్యూమ్‌స్నాప్‌షాట్‌క్లాస్ చేసి రోజుకొకటి తీయండి. డేటా, డబ్ల్యూఏఎల్ (ప్రతి మార్పునూ ముందు రాసుకునే చిట్టా) రెండూ ఒకే డిస్క్‌లో ఉంటే స్నాప్‌షాట్ నుంచి పోస్ట్‌గ్రెస్ తనంతట తాను కోలుకుంటుంది. స్నాప్‌షాట్ రీజియన్ మొత్తానికి చెందుతుంది గనుక డేటాని వేరే జోన్‌కి తరలించడానికీ ఇదే దారి. అలా పుట్టిన డిస్క్‌లో ప్రతి బ్లాక్ మొదటిసారి చదివేటప్పుడు నెమ్మదిగా ఉంటుంది, మొదటి గంట చూసి బెంబేలెత్తకండి. వీటితోపాటు వారానికొక పీజీడంప్ (డేటాబేస్ నకలు ఫైల్) ఎస్3కి (ఏడబ్ల్యూఎస్ ఫైళ్ల నిల్వ సేవ) పంపండి.

చెరపడం

స్టేట్‌ఫుల్‌సెట్ తీసేసినా మామూలుగా క్లెయిమ్‌లు ఉండిపోతాయి. వాడకంలో ఉన్న క్లెయిమ్‌ని చెరిపితే పాడ్ దిగేదాకా టెర్మినేటింగ్ అనే ఉంటుంది, ఫైనలైజర్ (చెరపడాన్ని అప్పటిదాకా ఆపే గుర్తు) పీకెయ్యకండి. రిటెయిన్ పెట్టిన వాల్యూమ్ క్లెయిమ్ పోయాక రిలీజ్డ్ స్థితికి వస్తుంది. మళ్లీ వాడాలంటే అందులోని క్లెయిమ్‌రెఫ్ (పాత క్లెయిమ్‌తో ఉన్న ముడి) తీసేసి, కొత్త క్లెయిమ్‌లో ఆ వాల్యూమ్ పేరు రాయాలి. క్లస్టర్‌నే తీసేసేటప్పుడు ముందు క్లెయిమ్‌లు, ఆ తర్వాత క్లస్టర్. తిరగేసి చేస్తే డిస్క్‌లని చెరిపే డ్రైవరే ఉండదు. చివర్లో ఈసీ2 (ఏడబ్ల్యూఎస్ మెషీన్ల సేవ) కన్సోల్‌లో అవైలబుల్ అని కనిపించే వాల్యూమ్‌లు వెతకండి. ఎవరూ వాడకపోయినా నెలనెలా బిల్లులో పడేవి అవే.