తుప్పు పట్టిన కాంటెస్సా: పైసలు ముందు రేకుకు, రంగుకు చివర్ల

వరంగల్ ఆటోనగర్ల నా షెడ్డుకు పాత కారు తోలుకొచ్చే పోరగాండ్లు అందరు అడిగేది ఒక్కటే: "అన్నా, పెయింట్‌కు ఎంతయితది?" రంగు సంగతి నేను చివరికి చెప్త. జేబుల కొద్ది పైసలే ఉన్నోనికి ఏది ముందు, ఏది వెనుక అన్న లెక్క తెల్వాలె. ముందు రేకు, తర్వాత బ్రేకు, ఆ తర్వాత నీళ్లు బయటికి పోయే తొవ్వ. రంగు అన్నిటి కన్న వెనుక.

ఎందుకు కాంటెస్సా గురించి చెప్తున్ననంటే, అమెరికోళ్లు మజిల్ కారు అనేదాని పోలిక మన రోడ్ల మీద కొంచెమన్న ఉన్నది దానికే. పొడుగు ముక్కు, వెడల్పు బానెట్, వెనుక టైర్లను తిప్పే ఇంజను. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు పశ్చిమ బెంగాల్‌ల ఉత్తరపారా ఫ్యాక్టరీల 1984 నుంచి 2002 దాక చేసిండ్రు. బాడీ ఇంగ్లండ్ కార్ల కంపెనీ వాక్స్‌హాల్‌ది, 1970లల్లది. మొదట్ల దానికి అంబాసిడర్ 1.5 లీటర్ల ఇంజనే పెట్టిండ్రు, చూపుకు పులి, ఎత్తు ఎక్కుడుకు ఎడ్లబండి. ఇసుజు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజను వచ్చినంక క్లాసిక్ పేరుతోని అమ్మిండ్రు, కొనేదుంటె అదే కొనుండ్రి. అదే ఇసుజు ఇంజను అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌ల గూడ ఉండె కాబట్టి ఇంజను సామాను ఎట్లనో అట్ల దొరుకుతది. హైదరాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్, అక్కడ గూడ కాకుంటె ఢిల్లీ మాయాపురి. బాడీ రేకులు మాత్రం కొత్తయి దొరకయి. చేతితోని కొట్టుకోవాల్సిందే.

బేరం ఆడే ముందర ఆర్సీ చూడుండ్రి. చాసిస్ మీద కొట్టిన నంబరు ఆర్సీల ఉన్న నంబరు ఒకటేనా, ఇంజను మార్చి ఉంటె అది ఆర్సీల ఎక్కిందా. ఈ రెండిట్ల ఏది తేడా ఉన్నా ఎంత చౌకకు ఇచ్చినా వద్దు. 15 ఏండ్లు దాటినంక బండి తుక్కుకే అని మస్తుమంది అనుకుంటరు, ఆ కట్టడి ఢిల్లీ దిక్కుది. మన దగ్గర ఫిట్‌నెస్ చూపిచ్చి ఐదైదేండ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. కాకపోతె 20 ఏండ్లు దాటిన కారుకు ఆ ఫీజును 2025ల 10,000 రూపాయలు చేసిండ్రు, ఆఖరు కాంటెస్సా గూడ ఇప్పుడు ఆ లెక్కల్నే వస్తది. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇవి బాకీ ఉంటె బేరంల తీసేయించుకోవాలె. ఇంకో మాట, బండి విప్పినంక గ్రైండర్ పట్టుకొని చాసిస్ నంబరు ఉన్న జాగకు పోకుండ్రి. అది అరిగిందంటె కారు మంచిగయినా కాగితాల మీద దొంగ బండే.

ఇగ తుప్పు. ఒక చిన్న అయస్కాంతం సన్నటి బట్టల చుట్టి బాడీ మీద జరుపుకుంట పోవాలె. రేకున్న కాడ పట్టుకుంటది, లప్పం దట్టంగ పెట్టిన కాడ జారిపోతది. మీదికి అద్దంలెక్క మెరిసే మడ్‌గార్డు కింద అంగుళం మందం లప్పం ఉన్న బండ్లు మస్తు చూసిన. తర్వాత లోపలి కార్పెట్ లేపి, స్క్రూడ్రైవర్‌తోని ఫ్లోర్ పొడిచి చూడాలె. అమ్మెటోడు వద్దంటె అక్కడ్నే మీకు జవాబు దొరికినట్టు. డిక్కీల స్టెప్నీ గుంత, బ్యాటరీ కింది పళ్లెం, ముందటి అద్దం కింది మూలలు, డోర్ల కింద పొడుగ్గ పోయే రన్నింగు బోర్డు డబ్బా. తుప్పు ముందుగాల తినేది వీటినే, ఎందుకంటె నీళ్లు వచ్చి ఆగేది వీటిల్లనే. మన దిక్కు ఇంకోటి అడగాలె: 2020 ఆగస్టు, 2023 జులై వానలకు హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు ఈ బండి యాడుండె? నీళ్లు ఎండిపోతయి గని లోపటికి పోయిన ఒండ్రు రన్నింగు బోర్డు డబ్బల కూసుండి ఏండ్ల తరబడి తడి పట్టుకొని ఉంటది. ఆ డబ్బను కింది నుంచి కొడితె మన్ను రాలుతదా చూడుండ్రి.

కాంటెస్సాకు లారీ లెక్క కింద వేరే ఫ్రేమ్ ఉండది. బాడీనే బలం. రన్నింగు బోర్డు, ఫ్లోర్ పురాగ తిన్న బండి అంటె నడుం విరిగిన బండి. తక్కువ పైసలతోని చేసుకునేటోడు డోర్లు, బానెట్ పోయిన బండి కొన్నా ఫికర్ లేదు గని, కింద పోయినదాని జోలికి పోవద్దు.

తుప్పంత ఒక్క తీరు కాదు. మీద మీద ఎర్రగయినదానికి వైర్ బ్రష్, ఎమ్రీ కాయితం సాలు. గుంతలు పడ్డదానికి గ్రైండర్‌కు కప్ బ్రష్ వేసి మెరిసే దాక గీకి, ఆ గుంతల్ల మిగిలినదానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయాలె. చిల్లు పడ్డదానికి ఏ మందూ లేదు, కోసి కొత్త రేకు అతుకుడే. చిల్లు మీద ఫైబర్ పీసు పెట్టి లప్పం కొడితె లోపట తుప్పు ఆగదు. ఇనుము తుప్పయితె దాని అసలు సైజు కన్న ఎన్నో రెట్లు ఉబ్బుతది, అందుకే రెండు రేకులు కలిసిన కాడ తుప్పు పడితె స్పాట్ వెల్డింగ్ ఊడి జోడు విచ్చుకుంటది. దాని ముందట లప్పం ఎంత?

హింజీలు, బ్రాకెట్లు, డోర్ లాకుల ఇనుప ముక్కలు వీటిని గీకుకుంట చేతులు పోగొట్టుకోకుండ్రి. ప్లాస్టిక్ డ్రమ్ముల నీళ్లు పోసి, నాలుగైదు లీటర్లకు ఒక పెద్ద చెంచ చొప్పున బట్టల సోడ కలుపుండ్రి. డ్రమ్ము అంచుకు చుట్టూర ఇనుప సలాకలు దింపి వాటన్నిటిని ఒక్క తీగకు కట్టి బ్యాటరీ చార్జర్ ప్లస్‌కు ఇయ్యాలె. తుప్పు ముక్కను నడుమ తీగకు వేలాడేసి మైనస్‌కు. అది సలాకలకు తాకొద్దు. కొత్త ఆటోమేటిక్ చార్జర్లు దీనికి పనిచేయయి, బ్యాటరీ కనిపియ్యకుంటె కరెంటే ఇయ్యయి, పాత బరువు చార్జర్ యాడన్న అడిగి తెచ్చుకోవాలె. కరెంటు ఇయ్యంగనె ముక్క చుట్టూ సన్నటి బుడగలు లేస్తయి. అది హైడ్రోజన్, అంటుకునే గ్యాసు, అందుకే ఇంట్ల కాదు, ఆరుబయట పెట్టాలె, దగ్గర్ల బీడీ ముట్టియ్యొద్దు. రాత్రి పెడితె పొద్దున వరకు నీళ్ల మీద గోధుమరంగు నురగ కట్టుంటది, ముక్క నల్లగ వస్తది. కరెంటు బంద్ చేసినంకనె చెయ్యి పెట్టాలె. బ్రష్‌తోని రుద్ది, కడిగి, ఎండల తుడిచి, అప్పుడే ప్రైమర్ కొట్టాలె. రేపు చూద్దాం అంటె రేపటికి మల్ల ఎర్రగయితది, వానకాలమయితె మధ్యాహ్నానికే. సలాకల కాడ స్టీలు గిన్నె ముక్కలు వాడకుండ్రి, స్టెయిన్‌లెస్ నుంచి దిగే క్రోమియం నీళ్లు విషం. అల్యూమినియం కార్బురేటర్ దీంట్ల ఎయ్యొద్దు, సోడ దాన్ని తింటది. స్ప్రింగులు గూడ ఎయ్యొద్దు, హైడ్రోజన్ పట్టి పటుక్కుమని విరుగుతయి.

రేకు ఏది కొనాలె? ఫ్లోర్‌కు, రన్నింగు బోర్డుకు 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఇనుప షీటు, దళసరి 0.9 మిల్లీమీటర్లు. ఎనిమిది బై నాలుగు అడుగుల నిండు షీటు 21 కిలోల దాక తూగుతది, ఇనుప దుకాణంల కిలో లెక్కన ఇస్తరు. మొత్తం సామానుల చౌకది ఇదే, ఖరీదు వెల్డింగ్ చేతిది. జింకు పూత ఉన్న జీఐ రేకు వేస్తె తుప్పే పట్టదని చెప్పెటోళ్లుంటరు, దాన్ని వెల్డింగ్ పెడితె జింకు పొగ లేచి ఆ రాత్రికి జ్వరం వస్తది. వద్దు.

కొయ్యంగ ఒక నియమం పెట్టుకోవాలె: ఒక్కసారి ఒక్క దిక్కే. బండిని నాలుగు స్టాండ్ల మీద సమానంగ కూసోబెట్టి, డోర్లు వాటి జాగల్నే ఉంచి, డోరు జాగ నడుమ స్క్వేర్ పైపు అడ్డంగ రెండు కాడల వెల్డింగ్ పెట్టాలె. గప్పుడే కింది డబ్బ కొయ్యాలె. పైపు పెట్టకుంట కోస్తె బాడీ నడుమ కుంగుతది, తర్వాత డోరు పడదు. పైపును డోరు మూసేందుకు అడ్డం రాకుంట లోపలి దిక్కు పెట్టుండ్రి, పని నడుమ డోరు మూసి సందు చూసుకోవచ్చు.

వెల్డింగ్‌కు సీఓటూ మిషన్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు ఊదుకుంట తీగతోని అతికేది), 0.8 మిల్లీమీటర్ల తీగ. రోజు కిరాయికి దొరుకుతది, అందుకే కోసుడు, రేకు వంచుడు, గీకుడు అన్నీ మీరే ముందు చేసుకొని మిషన్‌ను ఆఖరుకు తెచ్చుకుంటె కిరాయి మిగులుతది. గ్యాస్ వెల్డింగ్ చౌక గని మంట వేడి దూరం పాకి రేకు అలలు పడుతది. పొడుగు గీత గుంజొద్దు. ఇక్కడొక చుక్క, జానెడు దూరంల ఇంకో చుక్క, మల్ల వెనక్కి. చెయ్యి పెడితె కాలనంత సల్లారినంకనె తర్వాతి చుక్క. ఓపిక లేనోని ప్యాచు దూరం నుంచే తెలుస్తది, అప్పడం లెక్క ఉబ్బి ఉంటది. బ్యాటరీ తీగలు తీసి, పెట్రోల్ ట్యాంకు దింపి దూరం పెట్టి, కింద తారు షీటు, కార్పెట్ గీకేసి, పక్కన బకెట్ల నీళ్లు, ఇసుక పెట్టుకొని చెయ్యాలె. ట్యాంకుకు చిల్లుంటె మాత్రం ఇంట్ల ముట్టుకోకుండ్రి. ఖాళీ ట్యాంకుల మిగిలిన ఆవిరే పేలుతది, నిండు ట్యాంకు కన్న అదే డేంజర్.

ఇక్కడికి రేకు పని అయింది, ఇగ బ్రేకులు. సన్న ఇనుప పైపులు, రబ్బరు హోసులు, వీల్ సిలిండర్ల రబ్బర్లు పాతయి ఒక్కటి గూడ ఉంచకుండ కొత్తయి. బ్రేక్ ఆయిల్ నీళ్లు పీల్చుకుంటది, ఏండ్ల తరబడి నిలబడ్డ బండిల పైపు లోపటి నుంచి తుప్పు పట్టి ఉంటది, మీది నుంచి కనపడదు. దీంట్ల పైసలు మిగిలించుకుందామనుకోకుండ్రి.

వెల్డింగ్ పెట్టిన డబ్బ లోపల ఉత్త ఇనుమే మిగులుతది, బ్రష్ పోదు, స్ప్రే పోదు. మైనం కరిగించి కొత్త గేర్ ఆయిల్ల కలిపి, పొయ్యి మీద నేరుగ కాదు, వేడి నీళ్ల గిన్నెల పెట్టి పలుచన చేసి, సన్న పైపుతోని లోపటికి ఒంపుండ్రి. కాలిన ఇంజన్ ఆయిల్ పోసుడు మన దిక్కు అలవాటు, నాకయితె నచ్చది, దాంట్ల ఆమ్లం ఉంటది, రబ్బర్లు ఉబ్బుతయి. ఒంపే ముందర కింది నీళ్ల రంధ్రాలు వెల్డింగ్‌తోని మూసుకుపోయినయా చూసి, పోతె డ్రిల్లు వేసి తెరువుండ్రి.

ఇగ రంగు. లప్పం కింద ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలె, ఉత్త ఇనుము మీద రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కొట్టి నెలల తరబడి వానల ఉంచితె నీళ్లు దాంట్లకెళ్లి లోపటికి పోతయి. లప్పం రెండు మూడు మిల్లీమీటర్లు దాటితె అది డెంటింగ్ సరిగ్గ కానట్టు, మల్ల సుత్తె, డాలీ (రేకు వెనుక ఆనించే ఇనుప దిమ్మ) పట్టుకోవాలె. షెడ్డు లేకుంట ఆరుబయట కొట్టెటోళ్లకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాక మంచి కాలం. జులైల ఎన్సీ (నైట్రోసెల్యులోజ్) రంగు కొడితె తడి గాలికి తెల్లగ పొగచూరుతది, మే ఎండల థిన్నర్ గాల్లనే ఎగిరిపోయి రంగు పొడి పొడిగ పడుతది. పీయూ (పాలీయూరెథేన్) రంగు నిలుస్తది గని దాని హార్డ్‌నర్‌ల ఐసోసైనేట్ అనే విషం ఉంటది, ముక్కుకు ఉత్త దస్తీ కట్టుకొని కొడితె ఊపిరితిత్తులు పోతయి, కార్ట్రిడ్జ్ (గాలి వడపోసే డబ్బీ) ఉన్న మాస్కు కొనుక్కోవాలె. అది కొనే పైసలు లేకుంటె ఎన్సీనే కొట్టుండ్రి, చేత్తోని రబ్బింగ్ పట్టుకుంట మెరుపు తెచ్చుకోవచ్చు.

పైసలు నడుమల అయిపోతె ఎపాక్సీ మీద ఒక్క చుట్టు చౌక రంగు వేసి అట్లనే తిప్పుకోవచ్చు, నా కస్టమర్లల్ల కొందరు అట్లనే తిరుగుతరు. ఏటా మృగశిర కార్తెకు ముందు కింద ఒంగి నీళ్ల రంధ్రాలల్ల తీగ తిప్పుండ్రి, డోరు కింది రబ్బర్లు చూడుండ్రి, మైనం తగ్గిన కాడ మల్ల ఒంపుండ్రి.