అంబాసిడర్ ఇంజిన్‌కు పీసీవీ వాల్వ్ పెట్టించే ముందు

పాత పెట్రోల్ అంబాసిడర్ ఉన్నవాళ్లు తరచూ చెప్పుకునే బాధలు రెండు. బండి ఆపిన చోటల్లా నేల మీద ఆయిల్ మరక పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే బానెట్ కింది నుంచి ఆయిల్ పొగ వాసన లోపలికి వస్తుంది. రెండింటికీ ‘పీసీవీ వాల్వ్ ఒకటి పెట్టించు, పోతాయి’ అనే సలహా దొరుకుతుంది. సలహా మంచిదే. పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్) అంటే ఇంజిన్ అడుగున చేరే పొగను బయటికి వదలకుండా తిరిగి ఇంజిన్‌లోకే లాగి కాల్చే ఏర్పాటు. అయితే ఈ వాల్వ్ చేసే పని ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోకి (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు గాలి, పెట్రోల్ పంచే గొట్టంలోకి) కావాలని ఒక గాలి లీకేజీ పెట్టడం. ఆ లీకేజీ ఎంత, ఎక్కడ, ఏ దిక్కున అన్నది తేల్చుకోకుండా మ్యానిఫోల్డ్‌కు చిల్లు పెడితే ఉన్న సమస్య అలాగే ఉండి కొత్తవి వచ్చి చేరతాయి.

ఈ బండిలోని 1489 సీసీ ఇంజిన్ బ్రిటన్‌కు చెందిన బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి సిరీస్‌ది. సిలిండర్‌లో మండే వాయువు ఎంత మంచి రింగులున్నా కొంత కిందికి, క్రాంక్ షాఫ్ట్ తిరిగే ఆయిల్ ఛాంబర్‌లోకి జారుతుంది. పాత పద్ధతిలో అది బయటికి పోయే దారి ఇంజిన్ పక్క కవర్ నుంచి రోడ్డు వైపు వేలాడే బ్రీదర్ పైపు. బండి పరిగెడుతుంటే కింద ఒరుసుకుపోయే గాలి ఆ పైపులోంచి వాయువును లాగుతుంది. బండి నిలబడితే లాగేది ఏదీ లేదు. అందుకే సిటీ ట్రాఫిక్‌లో పొగ ఎక్కువ. అమెరికాలో ఈ పొగను ఇంజిన్‌లోకే తిప్పి కాల్చే ఏర్పాటు 1961 మోడల్ కార్లతో కాలిఫోర్నియాలో మొదలైంది. అక్కడి గొడవ ఆయిల్ మరకల గురించి కాదు, గాలి కాలుష్యం గురించి.

మన ఇంజిన్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. ఇది మూడు బేరింగుల క్రాంక్. వెనక చివర ఇప్పటి ఇంజిన్లలోలా రబ్బరు సీల్ ఉండదు. షాఫ్ట్ మీద కోసిన మర ఆయిల్‌ను వెనక్కి, ఛాంబర్‌లోకి తోస్తూ ఉంటుంది, అంతే. లోపల ప్రెషర్ పెరిగితే ఆ మర చాలదు. ఆయిల్ బెల్ హౌసింగ్‌లోకి, అంటే క్లచ్ ఉండే డబ్బాలోకి వచ్చి క్లచ్ ప్లేట్‌ను తడుపుతుంది. కాబట్టి ఛాంబర్‌లో ప్రెషర్ తగ్గించడం ఈ ఇంజిన్‌కు నిజంగానే మేలు. కానీ ఆ ప్రెషర్ ఎందుకు పెరిగిందన్నది ముందు చూడాలి.

మొదట కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి ఎంతో చెక్ చేయించండి. ఇంజిన్ వేడి మీద, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి చూడాలి. ఏదైనా సిలిండర్‌లో రీడింగ్ బాగా తక్కువ ఉంటే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో హెడ్ ప్యాకింగో అనుమానించాలి. రింగులు పోయిన ఇంజిన్‌కు పీసీవీ పెడితే ఆయిల్ ఆవిరంతా మ్యానిఫోల్డ్‌లోకి చేరి ప్లగ్గులు నల్లబడతాయి, సైలెన్సర్ నీలం పొగ కక్కుతుంది, ఆయిల్ ఖర్చు ఇంకా పెరుగుతుంది. అలాంటి బండికి ముందు చేయించాల్సింది బోరింగ్ పని. దాన్ని వాయిదా వేయడానికి వాల్వ్ పనికి రాదు.

ఇంజిన్ బాగుందని తేలాక కూడా నేరుగా వాల్వ్ దగ్గరికి వెళ్లక్కర్లేదు. వారానికోసారి, అదీ హైవే మీద తిరిగే బండి అయితే కింది బ్రీదర్ పైపు బదులు పక్క కవర్ నుంచి ఒక ఆయిల్ సెపరేటర్ డబ్బా ద్వారా ఎయిర్ క్లీనర్‌కు హోస్ వేస్తే చాలంటాను. లాగే బలం తక్కువే. ఎయిర్ ఫిల్టర్ కాస్త త్వరగా మురికి పడుతుంది. కానీ కార్బురేటర్ సెట్టింగ్ జోలికి పెద్దగా పోనవసరం లేదు, మ్యానిఫోల్డ్‌కు చిల్లు పెట్టే పనీ లేదు. రోజూ ట్రాఫిక్‌లో నలిగే బండికైతే వాల్వే సరైనది.

వాల్వ్ కొనేటప్పుడు హోస్‌కు సరిపడింది కదా అని ఏదో ఒకటి తెచ్చుకోవద్దు. లోపల స్ప్రింగ్ మీద ఒక ప్లంజర్ ఉంటుంది. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, మ్యానిఫోల్డ్ వాక్యూమ్ ఎక్కువగా, మంచి ఇంజిన్‌లో 18 అంగుళాల పాదరసం ప్రాంతంలో ఉంటుంది. అది ప్లంజర్‌ను లాగి దారిని ఇరుకు చేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ వాక్యూమ్ పడిపోయి దారి విశాలమవుతుంది. కార్బురేటర్‌లోకి మంట ఎగదన్నితే వాల్వ్ పూర్తిగా మూసుకుని ఆ మంట ఛాంబర్ దాకా పోకుండా ఆపుతుంది. ఛాంబర్ నిండా ఆయిల్ ఆవిరి, పెట్రోల్ ఆవిరి ఉంటాయి కాబట్టి ఈ చివరి పని చిన్నది కాదు. వాల్వ్ తిరగేసి పెట్టినా, అసలు వాల్వే లేకుండా ఒట్టి హోస్ తగిలించినా ఆ రక్షణ పోయినట్టే. పెద్ద వీ8 ఇంజిన్ల వాల్వ్ మన ఒకటిన్నర లీటర్ ఇంజిన్‌కు స్లోలో మోతాదు మించి గాలి ఇస్తుంది. దాదాపు ఇదే సైజు ఇంజిన్‌కు వచ్చే కొత్త వాల్వ్ కొనండి. చేతిలో ఊపితే లోపల గలగలమనాలి.

ఇక చిల్లు. బి సిరీస్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌టేక్ దారులు రెండే, రెండేసి సిలిండర్లకు ఒకటి. కనెక్షన్ ఒక పక్కకు ఇస్తే ఆ వైపు జంటకే గాలి ఎక్కువై మిక్చర్ పలచబడుతుంది. కార్బురేటర్ కింద, థ్రాటిల్ ప్లేట్ దాటాక, వీలైనంత మధ్యలో ఇవ్వాలి. బ్రేక్ బూస్టర్ ఉన్న బండిలో దాని హోస్‌కు టీ ఆకారపు జాయింట్ కలిపి పని కానిచ్చేద్దామంటే ఒప్పుకోవద్దు. బ్రేకులకు ఇచ్చిన వాక్యూమ్‌ను బ్రేకులకే ఉంచాలి.

మ్యానిఫోల్డ్‌ను ఇంజిన్ మీదే ఉంచి డ్రిల్ చేయనివ్వకండి. గ్రీజు పూసిన బిట్ పొట్టును పట్టుకుంటుందని చెప్తారు. అన్నీ పట్టుకోదు. విప్పి, బల్ల మీద చిల్లు పెట్టి, మర కోసి, పెట్రోల్‌తో కాకుండా కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టాకే బిగించాలి. పాత మ్యానిఫోల్డ్ ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. వాటిని గ్రైండర్‌తోనో వైర్ బ్రష్‌తోనో పొడిగా రుద్దకుండా తడిపి గీకండి, ముక్కల్ని కవర్లో కట్టి పడేయండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ తీగ తీసేయాలని వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఇంజిన్లో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్. కార్బురేటర్, ఎగ్జాస్ట్, పక్క కవర్లు మూడూ ఒకే వైపు ఉంటాయి. కవర్ నుంచి వచ్చే హోస్ ఎగ్జాస్ట్ వేడి పక్కనుంచే పోవాలి. దానికి నీళ్ల హోస్, ప్లాస్టిక్ ట్యూబ్ వాడితే కరిగి, లోపలున్న ఆయిల్ ఎర్రగా కాలిన ఇనుము మీద కారుతుంది. ఆయిల్, పెట్రోల్ తట్టుకునే, వాక్యూమ్‌కు నొక్కుకుపోని హోస్ కావాలి. వేడి దగ్గర కొంత దూరం స్టీల్ పైపు వేసి చివర్లకు మాత్రమే రబ్బరు వాడితే ఇంకా నయం. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కనే ఉండాలి.

వాల్వ్ లాగుతుంటే లోపలికి కొత్త గాలి రావాలి. పై ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు ఉన్న పైపే ఆ దారి. అది మూసుకుపోయి ఉంటే ఛాంబర్‌లో వాక్యూమ్ పెరిగి, ఇందాక చెప్పిన వెనక మర గుండా, పాత కార్క్ ప్యాకింగుల సందుల్లోంచి దుమ్మును లోపలికి పీలుస్తుంది. ఫుల్ యాక్సిలరేటర్‌లో ఆవిరి వెనక్కి తన్నేదీ ఇదే పైపులోంచి. కాబట్టి దాన్ని తీసేసి ఒట్టి రంధ్రం వదలొద్దు. ఆయిల్ మూత, డిప్‌స్టిక్ దగ్గర రబ్బర్లు బిగువుగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

అంతా బిగించాక స్లో మిక్చర్ మళ్లీ సెట్ చేయాల్సిందే, కొత్తగా చేరిన గాలికి తగ్గ పెట్రోల్ కావాలి. ఇది ఆరుబయటే చేయండి. షట్టర్ మూసిన గ్యారేజీలో కాసేపు ఇంజిన్ నడిచినా కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. స్లో కుదిరాక ఆయిల్ మూత తీసి ఆ నోటి మీద పలచని కాగితం పెట్టండి. మెల్లగా అతుక్కుంటే సరి. ఎగిరిపోతే ప్రెషర్ ఇంకా ఉంది. గట్టిగా పట్టేసి ఎక్కడో ఈల వినిపిస్తే లాగుడు ఎక్కువైంది, వాల్వ్ మార్చాలి.

యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలనుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం అలాంటి బండి ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అందుకే అసలు మ్యానిఫోల్డ్‌ను, పక్క కవర్‌ను కదిలించకుండా దాచి, పాత సామాన్ల మార్కెట్లో దొరికే రెండో సెట్ మీద ఈ పని చేయించడం మేలు. బ్రీదర్ పైపును తుక్కులో వేయకండి.

తర్వాత మొదటి 500 కిలోమీటర్లలో ఆయిల్ మట్టం తరచూ చూస్తూ ఉండండి. ప్లగ్గులు నాలుగూ ఒకే రంగులో ఉన్నాయా లేదా పోల్చండి. వానాకాలంలో దగ్గరి దూరాలే తిరిగితే ఆయిల్ మూత కింద మీగడలా తెల్లటి జిగురు కడుతుంది. ఒకసారి ఇంజిన్ బాగా వేడెక్కేలా దూరం తిప్పాక కూడా అది తగ్గకపోతే వాల్వ్ విప్పి కడగండి, అప్పటికీ ఉంటే హెడ్ ప్యాకింగ్ చూపించండి.