రోజూ ఒక దండం – 3వ పాఠం: కంచం ముందు శ్లోకం

నిద్ర లేవగానే అరచేతులు చూసుకోవడం, నేలమీద కాలు మోపే ముందు భూదేవికి దండం పెట్టుకోవడం గత రెండు పాఠాల్లో అలవాటు చేసుకున్నాం. ఆ రెండూ మంచం మీదే అయిపోతాయి కాబట్టి తేలిక. అన్నం దగ్గర అలా కుదరదు. కంచంలో వేడివేడి పప్పు పడగానే చెయ్యి ముందు వెళ్లిపోతుంది. నాకైతే మొదటి వారమంతా పెరుగన్నం కలిపేటప్పుడు గుర్తొచ్చేది.

ఈసారి నేర్చుకునేది భగవద్గీత 4వ అధ్యాయంలోని 24వ శ్లోకం.

బ్రహ్మార్పణం బ్రహ్మ హవిర్బ్రహ్మాగ్నౌ బ్రహ్మణా హుతమ్ |
బ్రహ్మైవ తేన గంతవ్యం బ్రహ్మకర్మసమాధినా ||

చూడగానే నోరు తిరగదేమో అనిపిస్తుంది. పాదానికి ఎనిమిది అక్షరాల చొప్పున నాలుగు పాదాలు, అంతే. ‘బ్రహ్మ’ ఆరుసార్లు వస్తుంది. వేళ్లు ముడుస్తూ చదవండి. ఐదే వచ్చాయంటే ఎక్కడో ఒకటి మింగేశారన్నమాట. నేను మింగేది ‘బ్రహ్మణా’.

రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటి పాదం దగ్గర ఆగితే ‘హవిః’ అనాలి, పలికేటప్పుడు ‘హవిహి’లా వినిపిస్తుంది. ఆగకుండా వెళ్తేనే ‘హవిర్బ్రహ్మాగ్నౌ’. ఇక ‘గంతవ్యం’. దీన్ని ‘గంధవ్యం’ అనేస్తుంటారు. గంధంతో దీనికి పనిలేదు, చేరవలసిన చోటు అని అర్థం.

నిజానికి ఈ శ్లోకం యజ్ఞం గురించి. అర్పించడం, అగ్నిలో వేసే హవిస్సు, అగ్ని, అర్పించేవాడు, చివరికి చేరే చోటు అన్నీ బ్రహ్మమే అంటుంది. మరి కంచం ముందు ఎందుకంటే, ఆకలీ అగ్నే కదా. అదే గీతలో 15వ అధ్యాయం 14వ శ్లోకంలో, తానే వైశ్వానరుడై, అంటే అన్నం అరిగించే కడుపులోని అగ్నియై, ప్రాణుల దేహాల్లో ఉండి నాలుగు రకాల అన్నాన్ని అరిగిస్తానంటాడు కృష్ణుడు. ఆ నాలుగూ భక్ష్యం, భోజ్యం, లేహ్యం, చోష్యం అని పెద్దలు చెబుతారు. మన భాషలో కొరుక్కునే గారె, కలుపుకునే పప్పన్నం, వేలితో నాకే పచ్చడి, పులుసులో మునక్కాడ. మునక్కాడ జుర్రుతుంటే ఇంట్లో ఎవరైనా కసిరితే ‘ఇది చోష్యం’ అని చెప్పుకోవచ్చు.

ఎప్పుడు చదవాలి? వడ్డించాక, కలపకముందు. ఆఫీసు క్యాంటీన్‌లో మొహమాటమైతే మనసులోనే అనుకోండి. చిన్నపిల్లలకు ఈ శ్లోకం బరువు. పంక్తి భోజనాల్లో ఒకరు ‘భోజనకాలే హరినామస్మరణ’ అనగానే అందరూ ‘గోవిందా గోవింద’ అంటారు చూడండి, వాళ్లకు అది చాలు, అరవడం సరదాగా కూడా ఉంటుంది. కంచం చుట్టూ నీళ్లు తిప్పే పరిషేచనం మాత్రం చదివి నేర్చుకునేది కాదు. ఆచారం ఉన్న ఇళ్లలో పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

తిన్నాక, చెయ్యి కడుక్కునే ముందు ‘అన్నదాతా సుఖీభవ’ అనండి. వండినవాళ్లకు వినిపించేలా అంటే ఇంకా మంచిది. మొదటిసారి అన్నప్పుడు మా అమ్మ, ‘అది సరే, చారులో ఉప్పు సరిపోయిందా?’ అంది.

ఈ వారం రోజుకు ఒక్క పూటే చాలు. మర్చిపోయి సగం తిన్నాక గుర్తొస్తే అక్కడే ఆగి చదివేయండి, టెన్షన్ పడకండి.

వచ్చే పాఠం సంధ్యా దీపం. ప్రమిద, నువ్వుల నూనె, గుప్పెడు పత్తి సిద్ధంగా పెట్టుకోండి. వత్తుల ప్యాకెట్ కొనొద్దు, వత్తి మనమే చేసుకుందాం.