జీతం పెంచినా డ్రైవర్లు ఎందుకు మానేశారంటే (నా అనుభవం)

వరంగల్‌లో మాది చిన్న పార్సిల్ ట్రాన్స్‌పోర్టు. ఐదు బండ్లు, పన్నెండు మంది మనుషులు; ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ లైన్లు. ఒక్క ఏడాదిలో ఏడుగురు మానేశారు. జీతం తక్కువేమో అనుకొని వెయ్యి పెంచాను, అయినా ఇంకో ఇద్దరు పోయారు.

చివరికి ఓ డ్రైవర్ తాళాలు నా టేబుల్ మీద పెట్టి, "జీతం తక్కువని కాదన్నా, నేను చేయని తప్పుకు పైసలు కోస్తున్నరు" అన్నాడు. జేబులోంచి నలిగిపోయిన బిల్టీ (సరుకు వివరాల రసీదు) తీసి చూపించాడు. అందులో ముప్పై డబ్బాలని రాసి ఉంది, గోదాంలో ఎక్కించినవే ఇరవై తొమ్మిది, ఎక్కించేటప్పుడు లెక్కపెట్టిన మనిషే లేడు, షార్టేజీ కోత మాత్రం అతని మీద పడింది. చాలా బాధేసింది. ఆ డబ్బు ఆ రోజే తిరిగిచ్చాను.

ఇప్పుడు గుమాస్తా, డ్రైవర్ కలిసి లెక్కపెట్టి, ఫొటో గ్రూపులో పెట్టాకే బండి కదులుతుంది. ఎవరి తప్పో తేలేదాకా ఎవరి జీతమూ కోయను. డీజిల్, బత్తా డబ్బులు ముందురోజు రాత్రే ఫోన్‌పే చేస్తున్నాను. ఇంతకుముందు వాళ్లే అప్పు చేసి పోయించుకునేవాళ్లట, నాకు తెలియనే తెలియదు.

ఇంకోటి, పది మంది పనివాళ్లు ఉంటే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కట్టాలి, నెల జీతం 21,000 దాటని వాళ్లందరికీ. ఉద్యోగి వాటా 0.75 శాతం, మనది 3.25. నేను వాయిదా వేస్తూ వచ్చాను, అది ముమ్మాటికీ తప్పే.

తాళాలు పెట్టిపోయిన తమ్ముడు దసరా తర్వాత తిరిగొచ్చాడు. రాత్రి లోడింగ్ ఆలస్యాలు మాత్రం ఇంకా తగ్గలేదు, ఇప్పుడు దాని మీదే ఉన్నాను.