పిల్లల్ని ఏ క్లాసులో చేర్చాలి అని అడిగేవాళ్లకి

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పాంప్లెట్లు మొదలవుతాయి. అబాకస్, కరాటే, కీబోర్డు, డ్రాయింగ్, కోడింగ్. మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు వీటిలో మూడింటిలో ఒకేసారి చేర్పించాను. ఏడాది తిరిగేసరికి రెండు మెడల్స్ వచ్చాయి గానీ, ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్లు ఇవ్వడానికి కూడా నేను చెప్పేదాకా ఆగేది, క్యారమ్స్‌లో ఓడిపోతే కాయిన్లు విసిరికొట్టేది. ఆ లోపం నా ఎంపికలోనే ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది. అప్పటినుంచి ఏ క్లాసు గురించి విన్నా ముందు ఒకటే చూసుకుంటున్నాను: ఈ రోజు నా బిడ్డ అక్కడికి వెళ్లకపోతే ఎవరికైనా ఇబ్బంది అవుతుందా?

అబాకస్‌కి ఒకరోజు మానేస్తే ఎవరికీ ఏమీ కాదు. ఖోఖో జట్టులో ఒకరు రాకపోతే ఆ సాయంత్రం ఆట ఆగిపోతుంది, లేదా మిగతావాళ్లు ఎవర్నో బతిమాలి తెచ్చుకోవాలి. తన కోసం అక్కడ ఎదురుచూస్తారని తెలిసిన పిల్లలు మనం పదిసార్లు లేపకుండానే లేస్తారు, ఇది నేను మా ఇంట్లోనే చూశాను.

ఖోఖో అంటే తేలిగ్గా చూస్తాం గానీ, ఒకసారి మైదానం అంచున నిలబడి గమనించండి. తరిమే జట్టులో ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు, తొమ్మిదోవాళ్లు పరిగెడతారు. ఒక దిక్కు పట్టుకున్నాక వెనక్కి తిరగకూడదు, కూర్చున్నవాళ్ల మధ్యలోంచి అవతలికి దూరకూడదు. కాబట్టి తప్పించుకుంటున్న అవతలి జట్టువాళ్లు ఇక తనకి దొరకరని తెలిసిన క్షణంలో, సరైన వైపు ముఖం పెట్టి కూర్చున్నవాళ్లని వెనక నుంచి తట్టి ‘ఖో’ అనాలి. తన వల్ల కాదని ఒప్పుకుని పని పక్కవాళ్లకి అప్పగించడం పెద్దవాళ్లలో ఎంతమందికి వచ్చు చెప్పండి? కూర్చున్నవాళ్లు కూడా పిలుపు రాకుండా లేవకూడదు. దీనికి ఫీజు లేదు, బడిలో మైదానం, పట్టించుకునే పీఈటీ సారు ఉంటే చాలు. ఇందులో ఏం భవిష్యత్తు ఉంది అనే అమ్మానాన్నలకి, 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్‌ని మన దేశం మగవాళ్ల విభాగంలోనూ ఆడవాళ్ల విభాగంలోనూ గెలిచిందని చెప్పండి.

అలాగని ఒక్కరే ఆడే ఆటలు వద్దని కాదు. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, అర్జున్ ఇరిగేసి వచ్చిన నేల మనది, చెస్ అంటే నాకు చాలా ఇష్టం. టోర్నమెంట్‌లో పావు ముట్టుకుంటే అదే కదపాలి, ‘అయ్యో పొరపాటు’ అంటే కుదరదు. ఎక్కువ సమయం ఇచ్చే క్లాసికల్ ఆటల్లో ప్రతి ఎత్తూ తన చేత్తోనే రాసుకోవాలి. కోచింగ్‌లో చేర్చేముందు మాత్రం ఒక్కటి అడగండి, ఓడిన ఆటలు కూర్చోబెట్టి చూపిస్తారా లేదా అని. గెలిచిన కప్పులే చూపించే చోట నేనైతే చేర్చను.

ఏ క్లాసైనా సరే, డబ్బు కట్టేముందు ఒక అరగంట మూల కూర్చుని చూడండి. బాగా ఆడే పిల్లల్ని కాదు, అందరికన్నా వెనకబడినవాణ్ణి చూడండి. వాడితో సార్ ఎలా మాట్లాడుతున్నారు, వాడు తప్పు చేస్తే మిగతా పిల్లలు నవ్వుతున్నారా, ఆట అయ్యాక నెట్లు, చాపలు ఎవరు సర్దుతున్నారు. మొదటి మూడు నెలలు నెలనెలా కట్టండి, ఏడాది ఫీజు ముందే కడితే డిస్కౌంట్ అన్నా ఆగండి.

బయట ఒక్క క్లాసు చాలు, రెండోది ఇంట్లో పెట్టండి. మా ఇంట్లో ఆదివారం కూరగాయలు మా అమ్మాయి బాధ్యత. రెండు వందలు ఇచ్చి రైతు బజారుకి పంపిస్తాను, నేను గేటు దగ్గరే ఆగుతాను. ధరలు బోర్డు మీద ఉంటాయి, తనే చూసుకుని, కొని, మిగిలిన చిల్లరతో పాటు లెక్క చెప్పాలి. మొదటి రెండు వారాలు మెత్తబడిన టమాటాలు తెచ్చింది, వాటితోనే పప్పు చేశాం, ఎవరం ఏమీ అనలేదు, మూడో వారం నుంచి తనే ఏరి తెస్తోంది. పదేళ్లు నిండిన పిల్లలు బ్యాంకు పెట్టిన పరిమితుల్లో సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చు, ఆర్బీఐ నిబంధనల్లో ఆ వీలుంది. బ్యాంకు పని కూడా వాళ్లతోనే చేయించండి. ఈత మాత్రం చర్చ లేకుండా నేర్పించేయండి.

పదమూడు నిండాక బడిలో ఎన్‌సీసీ ఉంటే వదలకండి. క్యాంపులో కొత్త పిల్లల మధ్య పడుకోవాలి, తన కంచం తనే కడుక్కోవాలి. అంత చిన్నవాళ్లు తట్టుకుంటారా అని టెన్షన్ పడేవాళ్లు మాలావత్ పూర్ణని గుర్తు తెచ్చుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన ఆ గురుకుల విద్యార్థిని 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగు కూడా నిండలేదు.

ఇక మానేస్తానంటే? చేరేటప్పుడే తేదీ మాట్లాడుకోండి, ‘దసరా దాకా వెళ్లాలి, ఆ తర్వాత నీ ఇష్టం’ అని. ఆ తేదీ వచ్చాక కూడా వద్దంటే బలవంతం చేయకండి. కానీ సార్‌కి మీరు ఫోన్ చేయొద్దు, వాట్సాప్ మెసేజ్ పెట్టొద్దు. మీ పిల్లే వెళ్లి, ఎదురుగా నిలబడి, ‘సార్, రేపటి నుంచి రాను, ఇన్నాళ్లు నేర్పించినందుకు థ్యాంక్స్’ అని చెప్పి రావాలి.