టెర్మినల్ కదలకపోతే లైన్‌ను ముందే రీస్టార్ట్ చేయకండి

ఒక్క స్క్రీన్ ఆగిందని లైన్ మొత్తం దించేస్తే దాని కింద పనిచేస్తున్నవాళ్ళందరి సెషన్లూ పోతాయి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో నెట్‌వర్క్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ వీటామ్. అందులో మేజర్ నోడ్ (నిర్వచనాల గుంపు), దాని కింద లైన్, ఆ కింద పీయూ (అవతలి కంట్రోలర్), చివర ఎల్‌యూ (టెర్మినల్). బాగుచేయడం ఎప్పుడూ ఎల్‌యూ నుంచే మొదలుపెట్టాలి. ముందుగా ‘డిస్‌ప్లే నెట్, ఐడీ=పేరు’ కొట్టి స్టేటస్ చూడండి.

ఇనాక్ట్ అనో, నెవాక్ అనో కనిపిస్తే: మొదటిది ఇప్పుడు యాక్టివ్‌గా లేదని, రెండోది అసలు ఎప్పుడూ యాక్టివేట్ చేయలేదని. పైనున్న పీయూ, లైన్ యాక్టివ్‌గా ఉన్నాయో లేదో చూసుకుని ‘వేరీ నెట్, యాక్ట్, ఐడీ=పేరు’ ఇస్తే చాలు.

పీయూ పీసీటీడీ2 అనే స్టేటస్ దగ్గరే ఆగిపోతే: మన వైపు నుంచి కాంటాక్ట్ కోసం అడగడం అయిపోయింది, అవతలి నుంచి జవాబు రాలేదు. అక్కడ కంట్రోలర్ పవర్ ఆగి ఉండొచ్చు, లింక్ తెగి ఉండొచ్చు. టెన్షన్‌లో యాక్ట్ మళ్ళీ మళ్ళీ కొట్టినా ఏమీ మారదు. అవతలివాళ్ళకు ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ సరయ్యాక కూడా అలాగే ఉంటే ఆ పీయూని మాత్రమే ‘ఇనాక్ట్, టైప్=ఇమ్మెడ్’తో దించి మళ్ళీ యాక్ట్ ఇవ్వండి. మామూలు ఇనాక్ట్ సెషన్లు ముగిసేదాకా ఆగుతుంది, ఇమ్మెడ్ ఆగదు. ఫోర్స్ ఆఖరి మార్గం.

ఇక్కడ చాలామంది తొందరపడేది ఒకటుంది. ఐఎస్‌టీ097ఐ అనే మెసేజ్ వచ్చిందంటే కమాండ్ తీసుకున్నారనే అర్థం, పని అయిపోయిందని కాదు. దిగినట్టు ఐఎస్‌టీ105ఐ, లేచినట్టు ఐఎస్‌టీ093ఐ చూశాకే తర్వాతి అడుగు వేయండి.

ఎల్‌యూ బాగానే ఉండి సెషన్ కూడా ఉంటే, తప్పు అప్లికేషన్ వైపు ఉండొచ్చు. అప్లికేషన్లను నడిపే సీఐసీఎస్‌లో ‘సెమ్ట్ ఇంక్వైర్ టెర్మినల్’తో చూసి, ఆ టెర్మినల్‌ను అవుట్‌సర్వీస్ చేసి మళ్ళీ ఇన్‌సర్వీస్ చేయండి. టాస్క్ వదలకపోతే పర్జ్‌తో తీసేయండి. ఫోర్స్‌పర్జ్ డేటాను సగంలో వదిలేసే ప్రమాదం ఉంది, అప్లికేషన్ టీమ్‌ను అడగకుండా వాడకండి.

యూజర్లు మెయిన్‌ఫ్రేమ్‌లోకి లాగాన్ అయ్యే టీఎస్‌ఓలో ‘యూజర్ ఐడీ వాడుకలో ఉంది’ అని వస్తే లాగాన్‌లో రీకనెక్ట్ ప్రయత్నించమనండి, చేస్తున్న పని దక్కుతుంది. కుదరకపోతేనే ‘క్యాన్సిల్ యూ=ఐడీ’.

జాబ్‌లు, ప్రింట్లు చూసుకునే జెస్2లో రిమోట్ లైన్లకు డాలర్ పీ ($P) కమాండ్ ఇస్తే నడుస్తున్న పని ముగిశాక ఆగుతుంది, డాలర్ ఎస్ తిరిగి మొదలుపెడుతుంది. డాలర్ ఈ మాత్రం నడుస్తున్నదాన్ని మధ్యలోనే తెంపి లైన్‌ను రీస్టార్ట్ చేస్తుంది.